టెట్రాపాక్: ఒక కుటుంబ సంస్థ చరిత్రలో పేరు, పొర, యాజమాన్యం

వ్యాససంగ్రహం:
స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో 1951లో ఏర్పడిన టెట్రాపాక్, పాలు, పండ్లరసాలు నిలవ ఉంచే పెట్టెల తయారీకి ప్రపంచమంతటా పేరుపొందిన కుటుంబ సంస్థ. దాని చరిత్రను సాధారణంగా రూబెన్ రౌసింగ్ అనే ఒక్క వ్యాపారి దూరదృష్టికి ఫలితంగా చెబుతారు. పెట్టె రూపాన్ని కనిపెట్టిన ఉద్యోగి, కాగితం చాటున పనిచేసిన ప్లాస్టిక్ పొర, యంత్రాలను అద్దెకిచ్చే పద్ధతి ఆ కథనంలో వెనక్కి వెళ్లిపోయాయి. వాటిని ముందుకు తెచ్చి ఈ కుటుంబ సంస్థ చరిత్రను తిరిగి చదవటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టెట్రాపాక్, రౌసింగ్ కుటుంబం, ఎరిక్ వాలెన్‌బెర్గ్, పాలిథిన్, కర్తృత్వం, కుటుంబ వ్యాపారం, ప్యాకేజింగ్ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

1980ల చివర, 90లలో తెలుగునాట బడికి వెళ్లిన తరానికి మామిడిరసం నింపిన చిన్న ఆకుపచ్చ పెట్టె, దానికి అంటించి ఉండే సన్నని గొట్టం బాగా పరిచితాలు. పార్లే ఆగ్రో సంస్థ 1985లో విడుదల చేసిన ‘ఫ్రూటీ’ అది. చూపుకు అది కాగితపు డబ్బా. కానీ లోపలి రసాన్ని తాకేది కాగితం కాదు, పాలిథిన్. ఇలాంటి పెట్టె బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు అట్ట, అయిదో వంతు పాలిథిన్, మిగిలిన కొద్దిపాటి అల్యూమినియం రేకు. తూకంలో తక్కువైన ప్లాస్టిక్కే అసలు పని చేస్తుంది. తడిని ఆపేది అదే, అంచులను అతికించేది అదే, రేకును అట్టకు పట్టి ఉంచేదీ అదే. అయినా ఆ పెట్టె లోకవ్యవహారంలో ‘కాగితం’గానే చలామణి అవుతుంది.

ఈ పెట్టెను తయారుచేసే సంస్థ చరిత్రకు కూడా ఇలాంటి స్వభావమే ఉంది. పైకి ఒక పేరు కనిపిస్తుంది. లోపల పనిచేసిన చేతులు వేరే ఉన్నాయి. తెలుగులో వ్యాపార సంస్థల గురించిన రచనలు ఎక్కువగా స్థాపకుని జీవితచరిత్ర రూపంలోనే వస్తున్నాయి. బాల్యంలో పేదరికం, మధ్యలో ఒక మెరుపులాంటి ఆలోచన, చివర విజయం అనే చట్రం వాటిలో స్థిరపడిపోయింది. టెట్రాపాక్ చరిత్రను ఆ చట్రంలో సులభంగానే ఇమడ్చవచ్చు. అలా ఇమిడ్చినప్పుడు ఏమి బయట మిగిలిపోతుందన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2. రౌస్ నుంచి లుండ్ దాకా

రూబెన్ రౌసింగ్ 1895లో దక్షిణ స్వీడన్‌లో, హెల్సింగ్‌బోర్గ్ సమీపంలోని రౌస్ అనే చోట జన్మించాడు. పుట్టినప్పటి ఇంటిపేరు ఆండర్సన్. స్వీడన్‌లో అది అతిసాధారణమైన ఇంటిపేరు. తరువాత ఆయన తన ఊరి పేరు మీదుగా ‘రౌసింగ్’ అనే పేరును స్వీకరించాడు. ఊరి పేరే ఇంటిపేరు కావటం తెలుగువారికి వింతేమీ కాదు. ఒక తేడా మాత్రం గమనించదగ్గది. మన ఇంటిపేర్లు వలస వెళ్లిన కుటుంబాన్ని ఇతరులు గుర్తుపట్టే క్రమంలో ఏర్పడినవి. రౌసింగ్ అనే పేరు ఒక యువకుడు తనకు తానుగా ఎంచుకున్నది. పేరుకు ఉండే విలువ ఆయనకు వ్యాపారంలోకి రాకముందే తెలుసునని దీన్నిబట్టి అనుకోవచ్చు.

స్టాక్‌హోమ్‌లో అర్థశాస్త్రం, వాణిజ్యం చదివాక ఆయన 1919–20లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య అభ్యసించాడు. అమెరికాలో అప్పటికి కొత్తరకం కిరాణా దుకాణాలు మొదలయ్యాయి. కొనేవారే అరల మధ్య తిరిగి తమకు కావలసినవి తీసుకునే పద్ధతి వాటిది. అప్పటిదాకా ఐరోపా దుకాణాలలో కొట్టువాడు పిండిని, పంచదారను గోతాం నుంచి తీసి తూచి కట్టి ఇచ్చేవాడు. మన ఊళ్లలో ఆ పద్ధతి ఇంకా చాలా కాలం నిలిచింది. పాత పత్రికల కాగితంతో పొట్లం చుట్టి, దారం బిగించి, పళ్లతో తెంపే కిరాణా కొట్టు దృశ్యం నిన్నమొన్నటిది. కొనేవాడే సరుకు తీసుకోవాలంటే ఆ సరుకు ముందే కొలిచి, కట్టి, పేరు రాసి ఉండాలి. దుకాణదారు చేసే పనిని కాగితపు సంచి చేయాలి. రౌసింగ్ అమెరికాలో గ్రహించిన విషయం ఇదే.

1929లో ఎరిక్ ఓకెర్లుండ్‌తో కలసి ‘ఓకెర్లుండ్ అండ్ రౌసింగ్’ అనే ప్యాకేజింగ్ సంస్థను స్థాపించాడు. కొద్దికాలంలోనే ఓకెర్లుండ్ తప్పుకున్నాడు, పేరు మాత్రం నిలిచింది. పిండి, పంచదార, ఉప్పు వంటి పొడి సరుకుల సంచులు, పెట్టెలు ఈ సంస్థ ఉత్పత్తులు. సంస్థ క్రమంగా లుండ్‌లో స్థిరపడింది. లుండ్ పాత విశ్వవిద్యాలయ పట్టణం కావటం ఈ కథలో తరువాత ఉపకరించింది.

3. నాలుగు ముఖాల పొట్లం: కర్తృత్వ సమస్య

పొడి సరుకును కట్టడం ఒకెత్తు, పాలను కట్టడం మరొకెత్తు. పాలు కారుతాయి, విరుగుతాయి, ప్రతిరోజూ కావాలి, పైగా చౌకగా ఉండాలి. స్వీడన్‌లో అప్పుడు పాలు గాజు సీసాలలో అమ్మేవారు. సీసా బరువు, పగిలే ప్రమాదం, ఖాళీ సీసాలను తిరిగి తెచ్చి కడిగే ఖర్చు అన్నీ పాడిసంఘాల మీదే పడేవి. రెండో ప్రపంచయుద్ధకాలంలో రౌసింగ్ తన ప్రయోగశాల ముందు ఈ సమస్యను పెట్టాడు. సీసాతో ధరలో పోటీపడాలంటే అతి తక్కువ కాగితం, వృథా లేని కత్తిరింపు అవసరం.

1944లో దీనికి పరిష్కారం సూచించినవాడు ఎరిక్ వాలెన్‌బెర్గ్. ఆయన ప్రయోగశాలలో పనిచేస్తున్న, ముప్పై ఏళ్లు కూడా నిండని ఉద్యోగి. ఆలోచన చాలా సరళమైనది. కాగితాన్ని గొట్టంగా చుట్టి కింది అంచును తూర్పుపడమరలుగా నొక్కి మూయాలి. కొంత పైన అదే గొట్టాన్ని ఉత్తరదక్షిణాలుగా నొక్కి మూయాలి. రెండు మూతల మధ్య చిక్కుకున్న భాగం తనంతతానే నాలుగు త్రిభుజ ముఖాలున్న చతుర్ముఖి అవుతుంది. ఎక్కడా మడత అక్కరలేదు, ముక్క కత్తిరించి పారేయనక్కరలేదు. ఒక కాగితపు చుట్ట నుంచి పొట్లాలు వరుసగా పుడుతూనే ఉంటాయి. గ్రీకు భాషలో ‘టెట్రా’ అంటే నాలుగు. సంస్థ పేరు ఈ ఆకృతి నుంచి వచ్చింది.

మొదట రౌసింగ్ ఈ ఆలోచనను అంతగా మెచ్చలేదని అంటారు. మెచ్చిన తరువాత జాగు చేయలేదు. 1944 మార్చి 27న పేటెంటు కోసం దరఖాస్తు దాఖలైంది. అది రూబెన్ రౌసింగ్ పేరు మీద ఉంది.

సంస్థ చరిత్రలో ఇది కీలకమైన ఘట్టం. వాలెన్‌బెర్గ్ జీతగాడు, ప్రయోగశాల యజమానిది, సమస్యను నిర్వచించింది కూడా యజమానే. ఆ కాలపు పద్ధతిలో ఆలోచన కూడా యజమాని ఆస్తే అయింది. ఉద్యోగులు చేసిన ఆవిష్కరణల మీద వారికి ఉండే హక్కులను గురించి స్వీడన్ ప్రత్యేక చట్టం చేసింది 1949లో, అంటే ఈ పేటెంటు దరఖాస్తు తరువాత అయిదేళ్లకు. కాబట్టి చట్టరీత్యా రౌసింగ్‌ది తప్పు అనటానికి వీలులేదు. అయితే చట్టానికి, చరిత్రకు ఉన్న బాధ్యతలు ఒకటి కావు. చతుర్ముఖి ఎవరి ఊహ అన్న ప్రశ్నకు పేటెంటు పత్రం ఇచ్చే జవాబు ఒకటి, ప్రయోగశాల ఇచ్చే జవాబు మరొకటి. దశాబ్దాల పాటు ప్రచారంలో నిలిచింది మొదటిదే. స్వీడన్ రాజ ఇంజనీరింగ్ శాస్త్రాల అకాడమీ వాలెన్‌బెర్గ్‌కు బంగారు పతకం ఇచ్చింది 1991లో. అప్పటికి ఆయన వయసు 76, రూబెన్ రౌసింగ్ మరణించి ఎనిమిదేళ్లు.

తెలుగు సాహిత్యచరిత్ర చదివినవారికి ఇటువంటి చిక్కు కొత్త కాదు. ‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది. అది శ్రీనాథుడి రచన అని వాదించినవారిలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులున్నారు. కావ్యం విషయంలో శైలిని, పద్యాల పోలికలను ఆధారంగా చూపి వాదించవచ్చు. కాగితపు పొట్లానికి శైలి ఉండదు, దాని మీద కవి ముద్ర పడదు. అందువల్ల వ్యాపార చరిత్రలో కర్తృత్వాన్ని నిర్ణయించేది దాదాపుగా పత్రమే, పత్రం ఎప్పుడూ యజమాని బీరువాలోనే ఉంటుంది. సాహిత్యపరిశోధకుల వద్ద ఉన్న పరిష్కరణ దృష్టి, అంటే గ్రంథస్థమైన పేరును చివరిమాటగా తీసుకోకపోవటం, ఈ రంగానికి కూడా అవసరమే.

ఒక్క వాలెన్‌బెర్గ్‌తో కూడా ఈ జాబితా పూర్తికాదు. ఊహను యంత్రంగా మార్చటానికి ఎనిమిదేళ్లు పట్టింది. పొట్లాలు నింపే యంత్రం రూపకల్పనలో హ్యారీ యారుండ్ అనే ఇంజనీరు కృషి ఉంది. రూబెన్ భార్య ఎలిజబెత్ పేరు కూడా కుటుంబ కథనంలో వినిపిస్తుంది. పాలు నిండిన గొట్టాన్ని, పాల మట్టానికి కిందే నొక్కి మూయవచ్చు కదా అని, పేగులో మాంసం కూరి సాసేజ్ చేసే పద్ధతిని గుర్తుచేస్తూ, ఆమె సూచించిందట. పాలలోపలే మూత పడితే పొట్లంలో గాలి చేరదు. వంటింటి అనుభవం ఇంజనీరింగు సమస్యను విప్పిన ఈ కథను సంస్థ ఇష్టంగానే చెప్పుకుంటుంది. కుటుంబంలోని స్త్రీకి దక్కిన ఈ స్థానం కుటుంబం బయటి ఉద్యోగికి దక్కటానికి ఎక్కువ కాలం పట్టిందన్న సంగతి ఆలోచించదగ్గది.

4. కాగితం చాటు ప్లాస్టిక్

చతుర్ముఖి ఆకృతి ఉన్నంత మాత్రాన పాలు నిలవవు. కాగితం నానుతుంది. మైనం పూసిన కాగితం కొంతవరకు పనిచేసింది కానీ మడిచిన చోట, నొక్కిన చోట మైనం పగులుతుంది. పైగా వేడితో నొక్కి మూయటానికి మైనం నమ్మదగిన పదార్థం కాదు.

ఈ లోటును పూడ్చిన పాలిథిన్ అప్పటికి కొత్త పదార్థమే. ఇంగ్లండులో ఐసీఐ సంస్థ రసాయనశాస్త్రజ్ఞులు గిబ్సన్, ఫాసెట్ 1933లో అధికపీడనం మీద చేసిన ప్రయోగంలో అది అనుకోకుండా బయటపడింది. యుద్ధకాలంలో రాడార్ తీగలకు విద్యున్నిరోధక తొడుగుగా వాడారు. యుద్ధం ముగిశాక ఆ పదార్థానికి కొత్త ఉపయోగాలు వెదికే కాలంలోనే లుండ్‌లో పాలపొట్లం రూపుదిద్దుకుంటోంది. 1950లలో కాగితం మీద పాలిథిన్‌ను పలుచని పొరగా పూసే పద్ధతి చేతికొచ్చాక పొట్లం నిజంగా పనికివచ్చే వస్తువైంది. కరిగి అంటుకునే గుణం వల్ల పాలిథిన్ తానే జిగురు కూడా అయింది. వేరే బంక అవసరం లేకపోయింది.

1951లో ఓకెర్లుండ్ అండ్ రౌసింగ్‌కు అనుబంధంగా టెట్రాపాక్ ఏర్పడింది. తొలి యంత్రం 1952 సెప్టెంబరులో లుండ్ పాడిసంఘానికి చేరింది. అది నింపింది పాలను కూడా కాదు, 100 మిల్లీలీటర్ల మీగడ పొట్లాలను. మూడు కోణాల పొట్లాలను మామూలు బుట్టలో సర్దటం కష్టం కాబట్టి వాటికోసం ఆరు పలకల బుట్టలు తయారుచేశారు. కాగితం మిగిల్చిన ఆకృతి రవాణాలో కొత్త బుట్టలను కోరింది. 1959 నుంచి సోవియట్ యూనియన్‌కు యంత్రాల ఎగుమతి మొదలైంది. అక్కడ ఒక తరం పిల్లలకు పాలంటే మూడు కోణాల పొట్లమే.

ఇటుక ఆకారపు పెట్టె 1963లో వచ్చింది. అరలో పేర్చటానికి, లారీలో నింపటానికి ఇటుకకు మించినది లేదు. సంస్థ పేరులో చతుర్ముఖి నిలిచింది, బజారులో ఇటుక గెలిచింది.

దీనికి సమాంతరంగా సాగిన మరో ప్రయత్నం అంతకన్నా పెద్ద మార్పు తెచ్చింది. పాలను 135 నుంచి 140 డిగ్రీల సెల్సియస్ దాకా కొన్ని సెకండ్లు మాత్రమే వేడిచేసి చల్లారిస్తే సూక్ష్మజీవులు నశిస్తాయి, రుచి మరీ చెడదు. అయితే ఆ పాలను నింపే పెట్టె కూడా సూక్ష్మజీవిరహితం కావాలి. కాగితాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుద్ధిచేసి, గాలి సోకని చోట నింపి మూసే ఈ పద్ధతిలో తొలి చతుర్ముఖి పొట్లం 1961లో స్విట్జర్లాండులోని థూన్‌లో విడుదలైంది. ఇటుక పెట్టెలో అదే పద్ధతి 1969కి అమలైంది. వెలుతురును, ప్రాణవాయువును ఆపటానికి అల్యూమినియం రేకు చేరింది. మొత్తం ఆరు పొరలలో నాలుగు పాలిథిన్ పొరలే. మంచుపెట్టె లేకుండా పాలు నెలల తరబడి నిలిచే వీలు కలిగింది. అమెరికాలోని ఆహార సాంకేతిక నిపుణుల సంస్థ 1989లో, గడచిన యాభై ఏళ్ల ఆహారవిజ్ఞాన ఆవిష్కరణలలో ఈ పద్ధతికే అగ్రస్థానం ఇచ్చింది.

5. కుటుంబం, ఓర్పు, పంపకం

తొలి దశాబ్దమంతా టెట్రాపాక్ డబ్బు మింగిన సంస్థే. ప్రయోగాల ఖర్చు తల్లిసంస్థ ఆదాయం మీద నడిచింది. వాటాదారులకు ఏటా జవాబు చెప్పుకోవలసిన సంస్థ ఇంతకాలం ఓర్చుకునేదా అన్నది సందేహమే. కుటుంబ యాజమాన్యానికి ఉన్న బలం ఇక్కడ కనిపిస్తుంది. ఇంటి పెద్ద నమ్మితే చాలు, మరెవరినీ ఒప్పించనక్కరలేదు. ఆ బలానికి మరోవైపున ఉన్నది పెద్ద నమ్మకం తప్పితే ఆపే దిక్కు లేకపోవటం. రౌసింగ్‌ల విషయంలో నమ్మకం ఫలించింది కాబట్టి ఆ రెండో వైపు కనిపించదు. గెలిచిన కుటుంబాల చరిత్ర మాత్రమే చదివితే కుటుంబ యాజమాన్యమంటేనే ఓర్పు అన్న భ్రమ కలుగుతుంది.

1965లో కుటుంబం తీసుకున్న నిర్ణయం సాహసోపేతమైనది. లాభాలలో ఉన్న తల్లిసంస్థ ఓకెర్లుండ్ అండ్ రౌసింగ్‌ను స్వీడిష్ మ్యాచ్ అనే అగ్గిపెట్టెల సంస్థకు అమ్మి, పిల్లసంస్థ టెట్రాపాక్‌ను తమ వద్ద ఉంచుకున్నారు. రూబెన్‌కు చాలాకాలం కుడిభుజంగా, భాగస్వామిగా ఉన్న హోల్గర్ క్రాఫూర్డ్ ఆ కాలంలోనే తన దారి చూసుకుని, లుండ్‌లోనే గాంబ్రో సంస్థ ద్వారా కృత్రిమ మూత్రపిండాల తయారీకి పూనుకున్నాడు. పొరల గుండా ద్రవాన్ని వడకట్టే ఆ పరికరం వేరొక చరిత్రకు చెందినది.

రూబెన్ కుమారులలో హాన్స్ 1954లోనే టెట్రాపాక్ నిర్వహణ చేపట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు. లుండ్‌లో రష్యన్ భాష కూడా చదివినవాడు కావటం సోవియట్ వ్యాపారంలో కలిసివచ్చింది. మూడు దశాబ్దాలకు పైగా ఆయన నాయకత్వంలోనే సంస్థ ప్రపంచవ్యాప్తమైంది. అన్న గాడ్ వ్యాపారంలో ఉంటూనే పురావస్తు పరిశోధకుడు. విల్లు పుట్టుక, పరిణామాల మీద 1967లో ఆయన వెలువరించిన గ్రంథం ఆ రంగంలో ఇప్పటికీ ఉపయోగపడుతోంది.

1980ల ఆరంభంలో స్వీడన్‌లో పన్నుల భారం, సంస్థల లాభాలలో కొంతభాగంతో కార్మికసంఘాల నిధులు ఏర్పరచాలన్న ప్రతిపాదన సంపన్న కుటుంబాలను కలవరపెట్టాయి. 1981లో సంస్థ కేంద్రకార్యాలయం స్విట్జర్లాండులోని లోజాన్‌కు తరలింది. హాన్స్ ఇంగ్లండు చేరాడు. లుండ్ పట్టణంలో, అక్కడి పాడిసంఘం సహకారంతో, అక్కడి విశ్వవిద్యాలయపు విద్యావంతులతో పెరిగిన సంస్థకు యజమానులు పరదేశవాసులయ్యారు. దీన్ని కుటుంబం ఆస్తిరక్షణగా చూసింది. స్వీడన్‌లో చాలామంది కృతఘ్నతగా చూశారు. ఈ రెండింటిలో ఏదో ఒకటే సరైనదని తేల్చటం కన్నా, సంస్థ ఊరిదా ఇంటిదా అన్న ప్రశ్న స్వీడన్‌లో ఎంత తీవ్రంగా చర్చకు వచ్చిందో గుర్తించటం ముఖ్యం.

1991లో టెట్రాపాక్, పాలు వేరుచేసే యంత్రాలకు ప్రసిద్ధమైన ఆల్ఫా లావల్‌ను కొన్నది. 1993 నుంచి మొత్తం వ్యాపారానికి ‘టెట్రా లావల్’ పేరు వచ్చింది. 1995లో హాన్స్ తన సగం వాటాను అన్న గాడ్‌కు అమ్మి తప్పుకున్నాడు. ఉమ్మడి ఆస్తిని ముక్కలుగా పంచుకోకుండా ఒకరు విలువ తీసుకుని విడిపోవటం మన ఉమ్మడి కుటుంబాల పంపకాలలోనూ ఉన్న పద్ధతే. సంస్థ విడిపోలేదు. గాడ్ 2000లో మరణించాక ఆయన సంతానం చేతికి వచ్చింది.

6. అద్దె యంత్రం, కట్టుబడ్డ కాగితం

టెట్రాపాక్ సంపదకు మూలం పెట్టె ఆకృతిలో కన్నా దాన్ని అమ్మిన తీరులో ఉంది. పాడిసంఘానికి నింపే యంత్రాన్ని దీర్ఘకాలపు అద్దెకిచ్చేవారు. మొదటి పెట్టుబడి భారం తగ్గటంతో చిన్న సంఘాలు కూడా యంత్రం తెచ్చుకోగలిగాయి. ఒప్పందంలోని మరో షరతు ప్రకారం ఆ యంత్రంలో టెట్రాపాక్ కాగితాన్నే వాడాలి. ప్రతి పెట్టె మీద ఆదాయం ఏళ్ల తరబడి లుండ్‌కు చేరేది.

ఐరోపా కమిషన్ దీనిమీద విచారణ జరిపి 1991 జులైలో టెట్రాపాక్‌కు 7.5 కోట్ల ఎక్యూల జరిమానా విధించింది. యూరోకు ముందు లెక్కలలో వాడిన ద్రవ్యప్రమాణం ఎక్యూ. సూక్ష్మజీవిరహిత పెట్టెల రంగంలో సంస్థ వాటా 90 శాతానికి పైగా ఉందని, ఆ ఆధిపత్యాన్ని అడ్డంపెట్టుకుని మామూలు పెట్టెల రంగంలో పోటీదారులను దెబ్బతీసిందని, ఇటలీలో నష్టానికి అమ్మి మరీ ప్రత్యర్థిని నిలవరించిందని కమిషన్ నిర్ధారించింది. తన కాగితాన్నే వాడాలన్న షరతు ఆరోగ్యరక్షణ కోసమేనని సంస్థ చేసిన వాదన నిలవలేదు. 1996లో ఐరోపా న్యాయస్థానం తుది తీర్పు కూడా సంస్థకు వ్యతిరేకంగానే వచ్చింది. ఆధిపత్య దుర్వినియోగం గురించి బోధించే న్యాయశాస్త్ర తరగతులలో ఈ వ్యాజ్యం నేటికీ పాఠ్యాంశం.

వాలెన్‌బెర్గ్‌కు పతకం వచ్చిందీ, ఈ జరిమానా పడిందీ, ఆల్ఫా లావల్ చేతికి వచ్చిందీ ఒకే ఏడాదిలో. యాదృచ్ఛికమే కావచ్చు. స్థాపకుని కథనం చుట్టూ ఉన్న పొరలు మాత్రం ఆ ఏడాది ఒకేసారి విప్పారాయి.

7. తెలుగునేల మీద రెండు రకాల పాలపొట్లాలు

భారతదేశంలో టెట్రాపాక్ 1987లో అడుగుపెట్టింది. 1997లో పూణె సమీపంలోని టాక్వేలో, తరువాత చాకన్‌లో కర్మాగారాలు వచ్చాయి. ఫ్రూటీ తయారుచేసే పార్లే ఆగ్రో కూడా కుటుంబ సంస్థే కావటం విశేషం. పండ్లరసాల విషయంలో ఇటుక పెట్టె ఇక్కడ తొందరగానే స్థిరపడింది. పాల విషయంలో అలా జరగలేదు. విజయ, సంగం వంటి పేర్లతో తెలుగు ఇళ్లకు తెల్లవారుజామున చేరే పాలు పాలిథిన్ సంచిలోనే వస్తాయి. రోజూ పాలు పోయించుకుని, రోజూ కాచుకునే అలవాటు ఉన్నచోట ఆరునెలలు నిలిచే పాలకు అవసరం తక్కువ, ధర ఎక్కువ. పాలు పొయ్యి మీద పొంగించటం వంటింట్లోనే జరుగుతుంది కాబట్టి సూక్ష్మజీవులను చంపే పనికి గృహిణి కర్మాగారానికి డబ్బు చెల్లించవలసిన పనిలేకపోయింది.

వాడి పారేసిన తరువాత ఈ రెండింటి గతి మరింత భిన్నం. పాల సంచి ఒకే పదార్థం. కడిగి ఆరబెట్టి కూడబెడితే పాతసామాను కొనేవాడు తూకానికి కొంటాడు, కరిగిస్తే మళ్లీ ప్లాస్టిక్ అవుతుంది. ఆరు పొరల పెట్టెను కరిగించలేరు. కాగితపు మిల్లులో నీటితో చిలికి పీచును వేరుచేయాలి. మిగిలిన పాలిథిన్, అల్యూమినియం మిశ్రమాన్ని నొక్కి రేకులుగా, పలకలుగా మారుస్తారు. అలాంటి మిల్లు అందుబాటులో లేని ఊరిలో చెత్త ఏరుకునేవారికి ఆ పెట్టె విలువలేని వస్తువు. సరుకు పాడుకాకుండా కాపాడే పొరల కలయికే పెట్టె మళ్లీ పనికిరావటానికి అడ్డుపడుతోంది. ప్యాకేజింగ్ తన ఖర్చు కన్నా ఎక్కువ ఆదా చేయాలన్నది రూబెన్ రౌసింగ్ తరచు చెప్పిన సూత్రం. ఆ లెక్కలో ఏరేవారి శ్రమను కూడా ఖర్చు వైపు రాసినప్పుడే సూత్రానికి నిజమైన పరీక్ష. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను భారత ప్రభుత్వం నిషేధించినప్పుడు చిన్న పెట్టెలకు అంటించే ప్లాస్టిక్ గొట్టం కూడా ఆ పరిధిలోకి వచ్చింది. పానీయాల తయారీదారులు గడువు కోరారు, ఆ తరువాత కాగితపు గొట్టాలకు మారారు. పెట్టె లోపలి పాలిథిన్ మాత్రం నిషేధం పరిధికి బయటే ఉండిపోయింది.

8. నిలవ చేసిన స్వరాలు

రౌసింగ్ సంపద చివరకు చేరిన చోట్లలో ఒకటి భాషాసాహిత్య పరిశోధకులకు నేరుగా సంబంధించినది. హాన్స్ కుమార్తె లిజ్‌బెత్ రౌసింగ్ విజ్ఞానశాస్త్ర చరిత్రకారిణి, లినేయస్ మీద గ్రంథం రాసిన విదుషి. ఆమె, ఆమె భర్త పీటర్ బాల్డ్విన్ నెలకొల్పిన నిధి సహాయంతో 2002లో లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాసంస్థలో అంతరించిపోతున్న భాషలను నమోదుచేసే పథకం మొదలైంది. దానికి హాన్స్ రౌసింగ్ పేరు పెట్టారు. 2004లో బ్రిటిష్ లైబ్రరీలో ప్రమాదంలో ఉన్న పాత పత్రాలను, గ్రంథాలను ఛాయాప్రతులుగా భద్రపరిచే పథకం కూడా ఆ నిధితోనే ఆరంభమైంది. తాటాకులు, పాత ముద్రణలు, కైఫీయతుల వంటి సామగ్రి మీద పనిచేసేవారికి ఇటువంటి పథకాల విలువ వేరే చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ పొర మీద సంపాదించిన ధనం భాషలకు ఖర్చు కావటాన్ని ప్రాయశ్చిత్తంగా చూసేవారున్నారు. ఆ ధనానికి ఒప్పందపు షరతుతో, పన్ను తప్పించుకున్న వలసతో ఉన్న సంబంధాన్ని మరువనక్కరలేదు. అలాగని పని విలువ తగ్గదు.

భారతదేశంలో ఈ సహాయం అందుకున్నవాటిలో ఆచార్య అన్వితా అబ్బీ అండమాన్ దీవులలో చేసిన గ్రేట్ అండమానీ భాషల నమోదు ఒకటి. ఆ పని ఫలితంగా బో భాష మాట్లాడిన చివరి వ్యక్తి బోవా సీనియర్ పాటలు, మాటలు ధ్వనిముద్రణకెక్కాయి. ఆమె 2010 జనవరిలో మరణించింది. ఆ ధ్వనిముద్రణల శీర్షికలో ఆమె పేరు ఉంది, నమోదుచేసిన పరిశోధకురాలి పేరు ఉంది, నిధి ఇచ్చినవారి పేరూ ఉంది.